సీజైన బండి, ఇంట్లో ఇబ్బంది: ఎవరికి అర్జీ పెడితే తొందరగా వస్తుంది?

పోలీస్ స్టేషన్ ఆవరణలో ఒకే వేపచెట్టు కింద మూడు బండ్లు ఉన్నాయనుకుందాం. పర్మిట్ లేకుండా జనాన్ని ఎక్కించుకున్న ఆటో ఒకటి, మనిషికి తగిలిన పికప్ ఒకటి, రేషన్ బియ్యంతో దొరికిన లారీ ఒకటి. మూడింటి మీదా ఒకటే దుమ్ము. గేటు దగ్గర మూడింటి యజమానులదీ ఒకటే మాట: "సార్, బండి మీదే బతుకుతున్నాం, నెల కంతు కట్టాల." కానీ ఆటో విడుదలకు ఆర్టీఓ ఆఫీసు, పికప్ విడుదలకు చాలాసార్లు మేజిస్ట్రేట్ కోర్టు, లారీకైతే కలెక్టరేట్‌లో జాయింట్ కలెక్టర్ ఉత్తర్వు కావాలి. ఎస్సై ఎంత జాలిపడినా ఆ లారీని తానుగా వదల్లేడు.

మన చట్టాల్లో "కష్టంలో ఉన్నాం, ముందుగా వదలండి" అని పెట్టుకునే దరఖాస్తుకు విడిగా సెక్షన్ లేదు, ఫారమూ లేదు. అలాగని కష్టం చెప్పుకోవడం దండగ కాదు. అధికారం ఉన్న చోట, కాగితాలతో చెబితే తేదీ ముందుకు జరుగుతుంది. అధికారం లేని చోట చెబితే సానుభూతి దొరుకుతుంది గానీ బండి రాదు. బండి పోయిన వారం రోజులూ స్టేషన్ చుట్టూ తిరిగి, ఎనిమిదో రోజున వకీలు దగ్గరికి వెళ్లేవాళ్లు పోగొట్టుకునేది ఆ వారమే.

అందుకే మొదట చేతిలో పెట్టిన కాగితం చదవాలి. రవాణా శాఖ వాళ్లు, అంటే ఊళ్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఎంవీఐ గానీ ఏఎంవీఐ గానీ పట్టుకుంటే వెహికల్ చెక్ రిపోర్టు రాస్తారు. అందరూ వీసీఆర్ అనేది దాన్నే. ఏ సెక్షన్ కింద రాశారో అందులో ఉంటుంది. పోలీసులు కేసు కడితే క్రైమ్ నంబరుతో ఎఫ్ఐఆర్, స్వాధీనం చేసుకున్నప్పటి పంచనామా ఉంటాయి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను మామూలుగా 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి, నకలు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. వీసీఆర్ లేదు, క్రైమ్ నంబరు లేదు, "రేపు రాపో" అన్న మాట తప్ప ఏమీ లేదంటే, ఆ మాటను కాగితం మీదికి తేవాలి. బండి నంబరు, పట్టుకున్న తేదీ, సమయం, చోటు రాసి, ఏ చట్టం కింద ఉంచుకున్నారో తెలపమని స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరున అర్జీ ఇవ్వాలి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే అదే అర్జీని రిజిస్టర్డ్ పోస్టులో పంపితే ఆ రసీదే సాక్ష్యం. చాలా బండ్లు ఈ అర్జీ అందిన సాయంత్రమే ఏదో ఒక సెక్షన్ కిందికి చేరతాయి, లేదా బయటికి వస్తాయి.

ఇంకో గందరగోళం జిల్లాలది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాక, కర్నూలు బండిని డోన్ దగ్గర పట్టుకుంటే అది నంద్యాల జిల్లా. అనంతపురం బండి కదిరిలోనో హిందూపురంలోనో ఆగితే శ్రీసత్యసాయి జిల్లా. నంబరు ప్లేటు మీద ఏపీ 21, ఏపీ 02, ఏపీ 04 ఏది ఉన్నా, 2019 తర్వాత వచ్చిన ఏపీ 39 అయినా, విడుదలకు దానితో పని లేదు. ఎక్కడ పట్టుకున్నారో ఆ ఆఫీసు, ఆ స్టేషన్ పరిధిలోని కోర్టు. 44వ నంబరు హైవే మీద గుత్తి దగ్గర ఆగిన బండికి కర్నూలు కోర్టులో పిటిషన్ వేస్తే వారం తర్వాత వెనక్కి వస్తుంది.

రోడ్డు మీదే తేలిపోయేవి

మోటారు వాహనాల చట్టం, 1988లో బండిని పట్టి ఉంచే అధికారం ఇచ్చేది 207వ సెక్షన్. లైసెన్సు లేకుండా నడపడం, వయసు చాలకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం, పర్మిట్‌లో రాసిన రూటు, ప్రాంతం, అవసరం దాటి తిప్పడం, ఈ తప్పులకే అది వర్తిస్తుంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయిపోయిన రవాణా బండీ ఇందులోకే వస్తుంది. 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ లేని రవాణా బండికి రిజిస్ట్రేషన్ చెల్లనట్టే లెక్క. ఇన్సూరెన్సు, హెల్మెట్, సీటుబెల్టు ఈ సెక్షన్ జాబితాలో లేవు. వాటికి జరిమానా ఉంది. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయలు, జైలుశిక్షకూ వీలుంది. బండిని ఉంచుకున్నది దేనికో అడిగేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

207వ సెక్షన్‌లోనే చాలామంది చదవని వాక్యం ఒకటుంది. లైసెన్సు, వయసు, పర్మిట్ తప్పుల్లో అధికారి బండికి బదులు ఆర్సీని తీసుకుని రసీదు ఇవ్వవచ్చు. ఇవ్వాలని లేదు, ఇవ్వవచ్చు. ఆసుపత్రికి వెళ్తున్న బండి, పాల క్యాన్లు ఉన్న బండి, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క బండి, ఇలాంటప్పుడు అడగాల్సింది ఇదే. "జరిమానా వేయండి, ఆర్సీ ఉంచుకుని రసీదు ఇవ్వండి, లైసెన్సు ఉన్న డ్రైవరును పిలిపిస్తాను" అని మూడూ కలిపి అడిగితే ఆలోచించే అధికారులు ఉన్నారు. బండిని స్టేషన్‌కు తోలాక ఈ మాట బరువు సగం తగ్గుతుంది.

పర్మిట్ లేని బండిలో రోగినో, దెబ్బ తగిలినవాళ్లనో, మందులనో, ఆపదలో ఉన్నవాళ్లకు తిండి సామాన్లనో తీసుకెళ్తూ దొరికితే సంగతి వేరు. పర్మిట్ తప్పుకు శిక్ష చెప్పే 192-ఏ సెక్షన్ ఆ ప్రయాణానికి వర్తించదు. అయితే 7 రోజుల్లోగా ప్రాంతీయ రవాణా అథారిటీకి ఆ సంగతి రాసి ఇవ్వాలి. ఆసుపత్రి ఓపీ చీటీ పారేసుకుంటే ఈ మినహాయింపు కూడా పోయినట్టే.

ఓవర్‌లోడు సంగతికి వస్తే, బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు తోలేవాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు: 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఎక్కువ సరుకు దించేదాకా, లేదా దించే ఏర్పాటు చేసేదాకా బండిని కదలనివ్వకూడదని అదే సెక్షన్ చెబుతోంది. అంటే ఇక్కడ ఏ అర్జీ కంటే తొందరగా పనిచేసేది ఇంకో లారీ, నలుగురు హమాలీలు. దించాక మళ్లీ కాటా వేయించి ఆ చీటీ చూపాలి. చీటీ లేకుండా "దించేశాం సార్" అంటే నమ్మరు.

టమోటా, ఉల్లి, చీనీకాయలు ఉన్న బండి పర్మిట్ తప్పుకు ఆగితే, బండి అర్జీ, సరుకు అర్జీ రెండూ వేర్వేరుగా పెట్టండి. తప్పు బండిది, సరుకుది కాదు. వేరే బండిలోకి మార్చుకోవడానికి అనుమతి అడిగితే సాధారణంగా ఇస్తారు. రెండింటినీ ఒకే అర్జీలో కలిపి, బండి తేలేదాకా సరుకును కూడా ఎండలో ఉంచుకున్న రైతులు పత్తికొండ మార్కెట్ దారిలో ప్రతి సీజన్లోనూ కనిపిస్తారు.

తాగి నడిపిన కేసు రాజీతో పోదు. 185వ సెక్షన్ కింద కోర్టుకే వెళ్లాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. కానీ బండిని అలా రోజుల తరబడి ఉంచుకోకూడదని, తాగని, లైసెన్సు ఉన్న మనిషికి ఇచ్చేయాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అది పొరుగు రాష్ట్రపు తీర్పు, ఇక్కడ కట్టుబడి తీరాలని లేదు. అయినా అర్జీలో రాస్తే విలువ ఉంటుంది.

ఆర్టీఓ ఆఫీసు నుంచి విడుదల

207వ సెక్షన్ కింద ఆగిన బండికి అదే సెక్షన్ రెండో భాగం దారి చూపిస్తుంది. యజమాని కాగితాలతో దరఖాస్తు చేసుకోవాలి, అధికారి పరిశీలించి, తనకు తగినవనిపించిన షరతులతో వదలవచ్చు. ఆ షరతుల మాటలోనే ఇబ్బందికి చోటుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ఏ కాగితం లేకపోతే బండి ఆగిందో ఆ కాగితం కావాలంటే బండి కదలాలి. ఎఫ్‌సీ అయిపోయిన బండికి ఎఫ్‌సీ రావాలంటే తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లాలి, అది డిపోలోనో స్టేషన్లోనో గొలుసుతో ఉంటుంది. ఇలాంటప్పుడు "ఎఫ్‌సీ తెచ్చాక వదులుతాం" అన్న మాటకు తలూపి రావద్దు. జరిమానా, బాకీ పన్ను కట్టేసి, ఫలానా తేదీన ఫలానా కేంద్రంలో తనిఖీకి స్లాట్ తీసుకున్నానని, అప్పటిదాకా కిరాయి తిప్పనని, బండిని నేరుగా అక్కడికే తీసుకెళ్తానని హామీ పత్రం ఇస్తూ విడుదల అడగాలి. స్లాట్ రసీదు జతచేసిన అర్జీకి, జతచేయని అర్జీకి చాలా తేడా ఉంది.

ఇన్సూరెన్సు కూడా ఇలాంటిదే. గడువు దాటిన బండికి పూర్తి పాలసీ ఇవ్వాలంటే కంపెనీ బండిని చూడాలంటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే అయితే చూడకుండానే గంటలో వస్తుంది. విడుదలకు అది చాలు, మిగతాది బయటికి వచ్చాక చూసుకోవచ్చు. కొత్త పాలసీతో పాత తప్పు మాసిపోదు, ఆ జరిమానా ఎలాగూ కట్టాలి.

క్వార్టర్ ట్యాక్స్ బాకీ ఉన్న బండికి విడుదల ఉత్తర్వు రాయరు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో మొదలయ్యే మూడు నెలల లెక్క అది. బండి ఆగింది పర్మిట్ తప్పుకే అయినా, కంప్యూటర్లో నంబరు కొట్టగానే పన్ను, ఎఫ్‌సీ, పాత చలాన్లు అన్నీ ఒకేసారి బయటపడతాయి. కౌంటరు దగ్గరికి పోకముందే రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో మీ నంబరు మీరే కొట్టి చూసుకుంటే ఎంత డబ్బు పట్టుకెళ్లాలో తెలుస్తుంది. డిజిలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో ఉన్న ఆర్సీ, లైసెన్సు చెల్లుతాయి. ఆఫీసుకు మాత్రం ప్రింట్లు పట్టుకెళ్లడం మేలు, ఫైల్లో పెట్టడానికి ఫోను పనికిరాదు.

ట్రాక్టరు యజమానులు తరచుగా బోల్తా పడేది ట్రాలీ దగ్గర. ఇంజనుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, ట్రాలీకి ఉండదు. వ్యవసాయానికని రిజిస్టరైన ట్రాక్టరుతో కూలికి రాయి, ఇసుక తోలితే అదింకో తప్పు. ఇలాంటప్పుడు ఇంజనును విడిగా విడిపించుకోవడం సులువు. విత్తనం అదను దాటిపోతుంటే గొర్రు కట్టుకోవడానికి ఇంజను చాలు, ట్రాలీ గొడవ తర్వాత తేల్చుకోవచ్చు.

కేసు ఆస్తి అయితే: బాండు, పిటిషన్, జామీను

క్రైమ్ నంబరు పడిన బండి కేసు ఆస్తి అవుతుంది. దీని గురించి కాస్త నింపాదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే బండ్లు తుప్పుపట్టేది ఎక్కువగా ఇక్కడే.

2024 జులై 1 నుంచి సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉంది. అందులో 106వ సెక్షన్ మూడో భాగం ప్రకారం, కోర్టుకు తీసుకెళ్లడం కష్టమైన ఆస్తిని, భద్రంగా పెట్టడానికి చోటు లేని ఆస్తిని, దర్యాప్తుకు ఇక అవసరం లేని ఆస్తిని, అడిగినప్పుడు కోర్టు ముందు పెడతానని బాండు రాయించుకుని పోలీసు అధికారే అప్పగించవచ్చు. లారీ అంటే ఈ మాటలన్నిటికీ సరిపోయే వస్తువు. కాబట్టి కోర్టుకు పోకముందే ఈ సెక్షన్ రాసి స్టేషన్‌లో ఒక అర్జీ ఇవ్వడం మంచిది. చాలామంది ఎస్సైలు "కోర్టులో తెచ్చుకో" అంటారు, రేపు ఏదైనా అయితే తమ మీదికి వస్తుందని. ఆ జవాబు వచ్చినా నష్టం లేదు, అర్జీ నకలు పిటిషన్‌కు జతపడుతుంది.

ప్రమాదం కేసుల్లో ఇంకో ఆసరా మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్. ఎంవీఐ తనిఖీకి తీసుకెళ్లిన బండి ఎక్కడుందో యజమానికి చెప్పాలి, లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో తిరిగివ్వాలి. కాబట్టి ప్రమాదం జరిగిన మర్నాడే అడగాల్సింది "ఎప్పుడు వదులుతారు" అని కాదు, "ఎంవీఐకి లెటరు పోయిందా" అని. ఆ లెటరు స్టేషన్లోనే రెండు మూడు రోజులు ఆగిపోవడం మామూలు.

ఇక కోర్టు. బండిని కోర్టు ముందు పెట్టి ఉంటే, అంటే కేసు ఆస్తిగా అక్కడ నమోదైతే, 497వ సెక్షన్. స్వాధీనం చేసుకున్నట్టు మేజిస్ట్రేటుకు రిపోర్టు మాత్రమే వెళ్లి ఉంటే 503. పాతవాళ్ల నోట్లో ఇవి 451, 457. స్టేషన్ నుంచి ఆ రిపోర్టే రాకపోతే "మా దగ్గర ఈ ఆస్తి లేదు" అని పిటిషన్‌ను వాయిదా వేస్తారు. అందుకే పిటిషన్ వేసే ముందు రోజు కోర్టు కానిస్టేబుల్‌ను కలిసి, రిపోర్టు చేరిందో లేదో కనుక్కోవడం సగం పని.

497లో కొత్తగా గడువులు వచ్చాయి. ఆస్తి తన ముందుకు వచ్చిన 14 రోజుల్లో కోర్టు దాని వివరాల పట్టీ తయారు చేయించాలి, ఫొటోలు, అవసరమైతే వీడియో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఆ ఆస్తిని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. ఈ ఫొటోలు, పట్టీ సాక్ష్యంగా చెల్లుతాయి కాబట్టి "విచారణలో చూపించాలి, బండి ఇక్కడే ఉండాలి" అన్న పాత అభ్యంతరానికి బలం లేదు. వీటికి ముందు నుంచే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయి కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఉంది: బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచడం వల్ల ఉపయోగం లేదు, తగిన బాండు, పూచీకత్తు తీసుకుని వెంటనే వదలాలి. మన రాష్ట్రమే ప్రతివాదిగా ఉన్న జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ కేసులో 2010లో ఇదే మాట మళ్లీ చెప్పింది. వకీలు పిటిషన్‌లో ఈ రెండూ ఎలాగూ రాస్తారు. యజమాని సమకూర్చాల్సింది మిగతాది.

మిగతాది అంటే ఇబ్బంది పేరా. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "పిటిషనరు మిక్కిలి పేదవాడు, సదరు వాహనమే జీవనాధారం." ప్రతి పిటిషన్‌లోనూ ఇదే వాక్యం ఉంటే చదివే కళ్లు దాని మీద ఆగవు. దానికి బదులు ఇలా రాయించండి: "పిటిషనరుకు 4 ఎకరాల మెట్ట ఉంది. ట్రాక్టరు మే 28 నుంచి స్టేషన్ ఆవరణలో ఎండకు ఉంది. ఎంవీఐ తనిఖీ జూన్ 2న పూర్తయింది. వేరుశనగ విత్తే అదను జులై నెలాఖరుతో పోతుంది. బ్యాంకుకు జులై 10న రూ.62,000 కంతు కట్టాలి." దీనికి పట్టాదారు పాసుపుస్తకం నకలు, లోను స్టేట్‌మెంటు, స్టేషన్లో నిలిపిన బండి ఫొటో, అంతే. ఆటో అయితే పిల్లలను బడికి తీసుకెళ్లే ఒప్పందం కాగితం, పాల బండి అయితే డెయిరీ రోజువారీ చీటీలు, ఇంట్లో డయాలసిస్ రోగి ఉంటే ఆసుపత్రి ఇచ్చిన తేదీల పట్టిక. తనిఖీ పూర్తయిన తేదీ రాయడం మరచిపోవద్దు. దర్యాప్తుకు బండితో ఇక పని లేదని తేల్చేది అదే, కష్టం ఎంత పెద్దదైనా దాని తర్వాతే.

పిటిషన్ మీద ప్రభుత్వ న్యాయవాదికి నోటీసు వెళ్తుంది, స్టేషన్ నుంచి జవాబు రావాలి. ఇక్కడ ఒకటి రెండు వాయిదాలు పోతాయి. జవాబు తొందరగా రావాలంటే నోటీసు నంబరు పట్టుకుని మీరే స్టేషన్ రైటర్‌ను కలవాలి. ఉత్తర్వు వచ్చాక బాండు విలువ ఎంవీఐ కట్టిన ధరను బట్టి ఉంటుంది. సాధారణంగా ఒకరిద్దరు జామీనుదారులు కావాలి. వాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా పాసుపుస్తకం, తహసీల్దారు ఆఫీసు నుంచి ఆస్తి విలువ పత్రం సిద్ధంగా ఉండాలి. ఉత్తర్వు వచ్చాక ఈ పత్రం కోసం తిరగడం మొదలుపెడితే ఇంకో వారం పోతుంది. పిటిషన్ వేసిన రోజే మొదలుపెట్టాలి. జామీను నిలిచే ఆస్తి అన్నదమ్ముల ఉమ్మడిది అయినా, ఆ మనిషి ఇప్పటికే ఇంకో కేసులో జామీను ఉన్నా తిప్పి పంపుతారు.

షరతులు దాదాపు ఒకటే రకం: అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, రంగు, ఇంజను, ఛాసిస్ నంబర్లు మార్చకూడదు, పిలిచినప్పుడు తేవాలి. తప్పితే బాండు డబ్బు జామీనుదారు నెత్తిన పడుతుంది. పక్కింటాయన సంతకం పెట్టే ముందు ఈ మాట ఆయనకు చెప్పడం ధర్మం.

మేజిస్ట్రేట్ తోసిపుచ్చితే జిల్లా సెషన్స్ కోర్టులో రివిజన్ వేస్తారు. ఫీజు పెట్టుకోలేని వాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేదు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

ప్రమాదం చేసిన బండికి ఆ రోజున ఇన్సూరెన్సు లేకపోతే మాత్రం పై లెక్కలన్నీ మారిపోతాయి. దెబ్బతిన్న కుటుంబానికి పరిహారం ఎక్కడి నుంచి వస్తుందన్నది ముందు తేలాలి, కోర్టు తృప్తిపడేంత సెక్యూరిటీ కట్టాలి. కట్టకపోతే మూడు నెలల తర్వాత బండిని వేలం వేసి ఆ డబ్బు పరిహారపు ట్రిబ్యునల్‌లో జమచేసే నిబంధనను అన్ని రాష్ట్రాలూ పెట్టుకోవాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ యజమాని ఇబ్బంది కంటే ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ల ఇబ్బందే బరువు, అలా ఉండటమే న్యాయం.

సరుకును బట్టి మారే దారులు

రేషన్ బియ్యం కేసులో ఏ కోర్టుకూ బండిని వదిలే అధికారం లేదని నిత్యావసర వస్తువుల చట్టం 6-ఇ సెక్షన్ చెబుతోంది. 6-ఏ కింద కలెక్టరు, వాడుకలో జాయింట్ కలెక్టరు దగ్గరే తేలాలి. మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసి నెల పోగొట్టుకునేది ఈ కేసుల్లోనే. ఈ చట్టంలోనే అద్దె బండ్లకు ఒక వెసులుబాటు ఉంది: కిరాయికి తిరిగే బండిని జప్తు చేసే బదులు జరిమానా కట్టే అవకాశం యజమానికి ఇవ్వాలి, ఆ జరిమానా పట్టుబడిన బియ్యం మార్కెట్ ధరను మించకూడదు. 20 లక్షల లారీలో 2 లక్షల బియ్యం ఉంటే లెక్క 2 లక్షల దగ్గరే ఆగుతుంది. తనకు గానీ, తన ఏజెంటుకు గానీ, డ్రైవరుకు గానీ తెలియకుండా జరిగిందని, ముగ్గురూ తగిన జాగ్రత్త తీసుకున్నారని చూపగలిగితే జప్తే ఉండదు. ట్రిప్ షీటు, కిరాయి మాట్లాడిన ఫోన్ మెసేజ్‌లు, జీపీఎస్ రికార్డు ఇక్కడ ఏడుపు కంటే ఎక్కువ పనిచేస్తాయి.

కడప వైపు ఎర్రచందనం కేసుల్లో అటవీ చట్టం, 1967 కింద అటవీ శాఖ అధీకృత అధికారి జప్తు విచారణ చేస్తారు. కర్ణాటక సరిహద్దు మద్యం దొరికిన బండి సంగతి ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్ దగ్గరికి పోతుంది. ఈ రెండు చోట్లా కంతు బాకీ గురించి ఎంత చెప్పినా ప్రయోజనం తక్కువ. యజమానికి తెలుసా తెలియదా అన్నదే ప్రశ్న. బండిని ఎవరికి, ఎన్ని రోజులకు, ఎంతకు ఇచ్చారో రాసుకున్న కాగితం లేని యజమానికి జవాబు చెప్పడం కష్టం.

ఇసుక విషయంలో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది కదా అని ట్రాక్టరు తోలి దొరికేవాళ్లు ఉన్నారు. ఉచితం ఇసుకకే గానీ, పెన్నలో, తుంగభద్రలో ఎక్కడపడితే అక్కడ తవ్వుకోవడానికి, రాష్ట్రం దాటించడానికి కాదు. గనుల చట్టం 23-ఏ కింద రుసుము కట్టి రాజీ చేసుకునే వీలుంది. మొదటిసారి దొరికినవాళ్లు గనుల శాఖ ఆఫీసులో ఆ రాజీ అడగడమే దగ్గరి దారి.

గంజాయి దొరికిన బండి ఇక రాదని చాలామంది ఆశ వదులుకుంటారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది వేరు: మత్తుపదార్థాల చట్టంలో మధ్యంతర విడుదలకు నిషేధం లేదు. ఆ కేసులో లారీ కంతుల మీద కొన్నది, యజమానికి అదొక్కటే ఆధారం, మత్తుమందు దొరికింది బండిలో ఎక్కిన వేరే మనిషి దగ్గర. వీడియో, ఫొటోలు తీయించి, షరతుల మీద వదలమన్నారు. ఇబ్బంది, నిర్దోషిత్వం రెండూ కాగితం మీద కలిసి కనిపిస్తే ఎంత దూరం పోతాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అడిగే హక్కు ఎవరిది?

ఆర్సీలో పేరున్నవాళ్లది. సంత బండి కొని, పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 సంతకాలతో బీరువాలో పెట్టుకుని, రెండేళ్లుగా తిప్పుతున్న మనిషికి స్టేషన్ బయట నిలబడే హక్కు ఉంటుంది గానీ, విడుదల అడిగే హక్కు తేలికగా దొరకదు. పాత యజమానిని వెతికి తెచ్చి ఆయన చేత అఫిడవిట్ వేయించడం, లేదా ఆయనే పిటిషనరుగా ఉండటం తప్ప దగ్గరి దారి లేదు. బండి అమ్మినవాళ్లు రాష్ట్రంలోపల 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు చెప్పాలన్న నియమం ఎందుకుందో ఈ రోజున తెలుస్తుంది.

యజమాని చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి కావాలి. చనిపోయిన 30 రోజుల్లో రవాణా శాఖకు తెలిపితే, అదే పేరుమీద 3 నెలలు తిప్పుకునే వీలు నిబంధనల్లో ఉంది.

కడప జిల్లాలో ఇంకో మామూలు చిక్కు: బండి ఇక్కడ, యజమాని కువైట్‌లో. వాట్సాప్‌లో పంపిన సంతకం కోర్టులో చెల్లదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించిన పవరాఫ్ అటార్నీ రావాలి, ఇక్కడికి చేరిన 3 నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. పవరాఫ్‌లో "అన్ని వ్యవహారాలు" అని కాకుండా బండి నంబరు, క్రైమ్ నంబరు, బాండు మీద సంతకం చేసే అధికారం విడిగా రాయించాలి. అది లేక తిరిగి కువైట్‌కు పంపిన కాగితాలు చాలా ఉన్నాయి. ఫైనాన్సులో ఉన్న బండికి ఫైనాన్స్ కంపెనీ అభ్యంతరం లేదన్న లెటరు కూడా జతచేస్తే మంచిది. కంతులు తప్పి ఉంటే వాళ్లే బండి అడుగుతూ రావచ్చు, కాబట్టి ఆ లెటరు అడిగే ముందు కనీసం ఒక కంతు కట్టడం తెలివైన పని.

బండి తెచ్చుకునే రోజు

ఉత్తర్వు శుక్రవారం మధ్యాహ్నం వస్తే, అదే రోజు బాండ్లు పూర్తయి స్టేషన్‌కు లెటరు చేరేలా చూసుకోండి. లేకపోతే సోమవారమే. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు పంచనామా నకలు పట్టుకెళ్లాలి, అందులో రాసిన సామాన్లను బండితో పోల్చి చూడాలి. మాయమయ్యేవి దాదాపు ఎప్పుడూ ఇవే: బ్యాటరీ, స్టెప్నీ, జాకీ, టార్పాలిన్, మోకు, టేప్ రికార్డర్, ట్యాంకులో డీజిల్. పట్టుకున్న రోజే ఫోనులో నాలుగు వైపులా, మీటరు రీడింగుతో సహా ఫొటోలు తీసి ఉంటే అడగడానికి నోరుంటుంది. లేకపోయినా, తీసుకున్నట్టు సంతకం పెట్టే కాగితం మీద లేని వస్తువుల పేర్లు రాసే సంతకం పెట్టాలి.

రెండు నెలలు సీమ ఎండలో నిలబడిన బండిని అక్కడే స్టార్ట్ చేసి తోలుకుపోవద్దు. టైర్ల పక్కలు పగిలి ఉంటాయి, ఒకే చోట బరువు పడి అడుగు చదునుగా అయి ఉంటుంది. ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి, ఎయిర్ ఫిల్టర్లో గూళ్లు పెట్టి ఉంటాయి. గాలి కొట్టించి, ఆయిల్, కూలెంట్ చూసి, బ్రేకు రెండుసార్లు తొక్కి చూశాక కదిలించండి. ఇన్సూరెన్సు ఆ రోజుకి అమల్లో ఉందో లేదో, విడుదల ఉత్తర్వు నకలు డ్యాష్‌బోర్డులో ఉందో లేదో చూసుకోండి. స్టేషన్ నుంచి ఇంటికి మధ్యలో తనిఖీ తగిలితే అదే నంబరు మళ్లీ కంప్యూటర్లో కొడతారు, కోర్టు విడుదల వివరం అందులో అప్పటికి ఎక్కి ఉండదు.